సోఫా కొన్నాక హాల్లో చోటు ఎక్కడికి పోయింది?

మా హాల్లో సోఫా లేని రోజుల్లో ఆరుగురం కూర్చునేవాళ్ళం. సోఫా కొన్నాక నలుగురమే కూర్చోగలుగుతున్నాం.

వినడానికి వింతగా ఉన్నా లెక్క సరైనదే. ఈ ఫ్లాట్‌లో చేరిన మొదటి ఏడాది హాల్లో ఒక నవారు మంచం, చేతుల్లేని కర్ర కుర్చీలు రెండు, ఒక ప్లాస్టిక్ స్టూలు ఉండేవి. మంచం మీద ముగ్గురు, కుర్చీల్లో ఇద్దరు, స్టూలు మీద ఎవరో ఒక చిన్నవాళ్ళు. "ఇంత పోసి ఇల్లు కొనుక్కుని ఇంకా ఆ మంచమేంట్రా" అని వచ్చినవాళ్ళల్లా అంటుంటే, చివరికి ఎల్ ఆకారం సోఫా ఒకటి తెచ్చాం. బిల్లు మీద 'సిక్స్ సీటర్' అని రాసి ఉంది. అందులో మూల సీటు ఒకటి. అక్కడ కూర్చుంటే మన మోకాళ్ళు అటుపక్కవాళ్ళకీ ఇటుపక్కవాళ్ళకీ తగులుతాయి కాబట్టి ఎవరూ కూర్చోరు. రిమోట్, దువ్వెన, మడతపెట్టని బట్టలు కూర్చుంటాయి. పొడుగ్గా చాచి ఉన్న భాగాన్ని ఇద్దరి కింద లెక్కేశారు గానీ, అది నాన్న ఒక్కరు కాళ్ళు చాపుకోవడానికే సరిపోతుంది. ఆరులో రెండు పోతే నాలుగు.

ఈ అనుభవం తర్వాత చుట్టాల ఇళ్ళకి వెళ్ళినప్పుడల్లా నా చూపు సోఫాల మీదే. కొలవడం కూడా మొదలుపెట్టాను. (మా ఆవిడకి ఇది చాలా సిగ్గుచేటుగా ఉందట.) కొలిచిన కొద్దీ తెలిసిందేంటంటే, చిన్న హాల్లో ఇబ్బందంతా మనం సోఫాని ఎంచుకునే వరస దగ్గరే వస్తోంది. ముందు రంగు, తర్వాత డిజైన్, తర్వాత ధర, ఇంటికొచ్చాక కొలత. దీన్ని పూర్తిగా తిరగేయాలి.

ఆరు గుమ్మాల కూడలి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక మామూలు టూ బీహెచ్‌కే ప్లాన్ చేతిలోకి తీసుకోండి. వీధి గుమ్మం నేరుగా హాల్లోకే తెరుచుకుంటుంది. వంటింట్లోకి హాల్లోంచే వెళ్ళాలి. రెండు బెడ్‌రూములకీ, బాల్కనీకీ, బయటి బాత్రూముకీ కూడా అంతే. అంటే ఆరు గుమ్మాలు కలిసే కూడలిలో మనం సోఫా వేస్తున్నామన్నమాట. కూడలిలో బండి ఆపేటప్పుడు ముందు చూసుకోవాల్సింది ట్రాఫిక్ కదా.

అందుకే మొదట కొలవాల్సింది నడిచే దారులు. ప్లాన్ కాగితం మీద ఉన్న అంకెని నమ్మి ఈ పని చేయకండి. కొన్ని ప్లాన్లలో ఆ కొలత ఇటుక గోడ నుంచి ఇటుక గోడకి ఉంటుంది, దాని మీద రెండువైపులా ప్లాస్టరింగ్ పడుతుంది, నేల దగ్గర గోడకి అతికించే స్కర్టింగ్ పట్టీ ఇంకొంచెం ముందుకి వస్తుంది. ఇళ్ళ అమ్మకాల మీద వచ్చిన 2016 నాటి రెరా చట్టం లెక్క కట్టమనే కార్పెట్ ఏరియాలో, అంటే ఫ్లాట్ లోపల వాడుకునే నేల కొలతలో, లోపలి అడ్డగోడలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, అదీ మన సోఫాకి పనికొచ్చే అంకె కాదు. టేపు పట్టుకుని నేల మీద కొలుచుకోవడమే దారి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, తెరిచినప్పుడు ఎంత చోటు తింటుందో కూడా రాసుకోండి.

ఉదాహరణకి మా హాలు వెడల్పు 10 అడుగుల 6 అంగుళాలు, పొడవు 14 అడుగులు. వెడల్పు అంటే 126 అంగుళాలు. ఒక గోడకి టీవీ యూనిట్, ఎదురు గోడకి సోఫా. టీవీ యూనిట్ లోతు 16 అంగుళాలు పోతే 110. సోఫా లోతు, అంటే వీపు వెనక నుంచి ముందు అంచు దాకా, 36 అంగుళాలు అనుకుంటే 74 మిగిలింది. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య కాళ్ళు పెట్టుకోవడానికి 16 అంగుళాలు కావాలి. టీపాయ్ 20. ఇవన్నీ పోగా టీపాయ్‌కీ టీవీకీ మధ్య 38 అంగుళాల దారి ఉంది. మూడడుగులకి కాస్త పైనే, హాయిగా నడవొచ్చు.

ఇప్పుడు షోరూమ్‌లో మనకి బాగా నచ్చే మోడల్ తీసుకుందాం. లోతు 40 అంగుళాలు, దానికి జతగా ఇచ్చే టీపాయ్ 24. దారి 30కి పడిపోయింది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాలి. అదే సామాను తొమ్మిదిన్నర అడుగుల హాల్లో వేస్తే మిగిలేది 18 అంగుళాలు. గ్యాస్ బండ మోసుకొచ్చే మనిషి ఆ సందులోంచి వంటింటి దాకా ఎలా వెళ్ళాలో ఒకసారి ఊహించుకోండి. రోజూ ఎక్కువ తిరిగే దారికి 36 అంగుళాలు, ఎప్పుడో గానీ వెళ్ళని బాల్కనీ వైపుకి 24 నుంచి 30 అంగుళాలు వదలగలిగితే ఇల్లు ఇరుగ్గా అనిపించదు.

ఈ లెక్కలో ఎక్కడ కోత పెట్టొచ్చో కూడా కనిపిస్తూనే ఉంది. టీవీని గోడకి బిగించి కింద 10 అంగుళాల పలక ఒకటి పెడితే 6 అంగుళాలు తిరిగొస్తాయి. టీపాయ్ అన్నది అసలు ఉండాలా అనేది ఇంకా పెద్ద ప్రశ్న. మా ఇంట్లో దాని మీద టీ కప్పు పెట్టిన రోజుల కన్నా పిల్లల నోటు పుస్తకాలు, కూరగాయల సంచీ పెట్టిన రోజులే ఎక్కువ. ఒకదాని కిందికి ఒకటి దూరిపోయే చిన్న బల్లలు రెండు కొనుక్కుంటే పని జరిగిపోతుంది. టీవీ దూరం గురించి చాలామందికి బెంగ ఉంటుంది గానీ, తెర మూల నుంచి మూలకి ఎంత ఉందో దానికి ఒకటిన్నర రెట్లకి కాస్త పైన ఉంటే చాలు. 43 అంగుళాల టీవీకి 6 అడుగులు, 55కి ఏడుంపావు అడుగులు. మన హాళ్ళలో ఆ దూరం మామూలుగా ఉంటుంది.

వాస్తు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బరువైన సామాను దక్షిణం, పడమర గోడలకి వేసి ఈశాన్యం ఖాళీగా ఉంచాలంటారు. పాటించదలచుకుంటే ఆ రెండు గోడల్నే కొలుచుకోండి, ఇబ్బందేమీ లేదు. కాకపోతే చాలా ఫ్లాట్లలో సోఫా ఏ గోడకి ఉండాలో ముందే తేల్చేసేది సిద్ధాంతి గారు కాదు, టీవీ పాయింట్ బిగించిన ఎలక్ట్రీషియన్.

కొలతలు అయ్యాక సుద్దముక్క తీసుకుని, కొనబోయే సోఫా సైజు నేల మీద గీసేయండి. ముగ్గు వేసే ఇంట్లో సుద్దముక్కకి కరువుండదు. గీత మీద నాలుగు మూలలా కుర్చీలు గానీ అట్టపెట్టెలు గానీ పెట్టి రెండు రోజులు అలాగే తిరగండి. షోరూమ్ కప్పు ఎత్తుగా ఉంటుంది, హాలు మైదానంలా ఉంటుంది కాబట్టి అక్కడ ఏ సోఫా అయినా బుజ్జిగానే కనిపిస్తుంది. సుద్ద గీత అలా మోసం చేయదు. పాలగిన్నె పట్టుకుని వస్తూ కాలికి అట్టపెట్టె తగిలితే, రేపు తగలబోయేది సోఫా మూలే.

చేతులకే మూడడుగులు

సోఫా పొడవులో మనం కూర్చునేది కొంతే. మిగతాది చేతులు.

84 అంగుళాల త్రీ సీటర్, ఒక్కో చెయ్యి 9 అంగుళాల మందం అనుకోండి. రెండు చేతులకి 18 పోతే 66 మిగిలింది, మనిషికి 22 అంగుళాలు. అదే 66 అంగుళాల సీటుకి 3 అంగుళాల సన్నటి చేతులు పెడితే మొత్తం పొడవు 72. కూర్చునే చోటు ఒక్క అంగుళం కూడా తగ్గలేదు, గోడ మీద అడుగు మిగిలింది. సింగిల్ సీటర్ల దగ్గర ఇది ఇంకా ఘోరం. 22 అంగుళాల సీటుకి అటూ ఇటూ తొమ్మిదేసి కలిపితే ఒక్క మనిషి కూర్చోవడానికి 40 అంగుళాలు. సన్న చేతులైతే 28. మనవాళ్ళు అలవాటుగా కొనే త్రీ ప్లస్ వన్ ప్లస్ వన్ సెట్‌లో చేతుల మందం వల్లే మూడడుగులు పోతుంది.

నేల విస్తీర్ణంలో చూస్తే, లావు చేతుల సెట్ 36 అంగుళాల లోతుతో దాదాపు 41 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. మా హాలు మొత్తం 147. నాలుగో వంతుకి మించి ఐదుగురు కూర్చునే సామానుకే పోయింది. అదే ఐదుగురికి సన్న చేతులు, 30 అంగుళాల లోతు ఉన్న కర్ర సెట్ అయితే 27 చదరపు అడుగుల లోపే సరిపోతుంది. తేడా 14 చదరపు అడుగులు. ఒక దివాన్ కాట్ కొలత 6 అడుగులు బై రెండున్నర, అంటే 15. లావు చేతుల్ని వద్దనుకుంటే దాదాపు ఒక దివాన్ పట్టే చోటు వస్తుందన్నమాట. నాకు ఈ లెక్క చేతికందిన రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

కర్ర సెట్ పాత ఫ్యాషన్ అని పక్కన పెట్టేస్తారు గానీ, చిన్న హాలుకి అది చేసే మేలు చాలా ఉంది. కింద కాళ్ళుంటాయి కాబట్టి చీపురు, తడిగుడ్డ లోపలిదాకా వెళ్తాయి. నేల కనిపిస్తూ ఉంటే గది కూడా కాస్త పెద్దగా అనిపిస్తుంది. కుషన్ నలిగిపోతే ఫోమ్ మార్చి, కొత్త గుడ్డ కుట్టించుకోవచ్చు. టేకుదైతే పిల్లల కాలం దాకా ఉంటుంది. ఒక్కటే లోపం. వీపు దగ్గర కర్ర తగులుతుంది, దిండు సరిగా కుదరకపోతే సినిమా మొత్తం కూర్చుని చూడలేం.

అమ్మ కాళ్ళు నేలకి ఆనవు

ఇంట్లో రోజూ కూర్చునేవాళ్ళ ఒళ్ళు ఎలాంటిదో చూడకుండా సోఫా కొనడం, కాలు కొలవకుండా చెప్పులు కొనడం లాంటిది.

మా అమ్మ ఐదడుగులు కూడా ఉండదు. మెత్తగా, లోతుగా ఉన్న కొత్త సోఫాలో ఆమె వెనక్కి జరిగి కూర్చుంటే పాదాలు గాల్లో ఉంటాయి. ముందుకి జరిగి కూర్చుంటే వీపుకి ఆసరా ఉండదు. చివరికి మధ్యేమార్గంగా వెనకాల రెండు దిళ్ళు పెట్టుకుంటుంది. అంటే మేము డబ్బు పెట్టి కొన్న లోతుని ఆమె మళ్ళీ దిళ్ళతో పూడుస్తోంది. ఆ లోతు కోసమే కదా హాల్లో నడిచే దారి తగ్గించుకున్నది!

సీటు ఎత్తు 18 అంగుళాలా 16 అంగుళాలా అని జనం చర్చిస్తారు గానీ, పొట్టివాళ్ళని ఎక్కువ ఇబ్బంది పెట్టేది సీటు లోతే. దీన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గోడకి ఆనించిన స్టూలు మీద వీపు గోడకి తగిలేలా కూర్చోబెట్టి, గోడ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. అందులోంచి రెండంగుళాలు తీసేస్తే ఆ మనిషికి సరిపోయే సీటు లోతు వస్తుంది. ఇంట్లో పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ తేడా చాలా ఉంటే లోతు తక్కువున్న దానివైపే మొగ్గండి. పొడుగు మనిషి చిన్న సీటులో సర్దుకోగలడు, పొట్టి మనిషి పెద్ద సీటులో సర్దుకోలేడు.

ఎత్తు ముఖ్యమయ్యేది మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి. కూర్చోవడం ఎలాగో జరిగిపోతుంది, లేవడమే కష్టం. సీటు మరీ కిందికి ఉంటే, అందులోనూ మెత్తగా దిగిపోతుంటే, లేచేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీదే పడుతుంది. 18 అంగుళాల ఎత్తు, గట్టి సీటు, చేత్తో నొక్కి లేవడానికి గట్టి చెయ్యి, ఈ మూడూ ఉన్న కుర్చీ ఒక్కటి ఉంటే చాలు. పెద్దవాళ్ళ కోసం సోఫా సెట్ మొత్తాన్ని ఎత్తు చేయక్కర్లేదు. ఇందాక చేతులు వద్దన్నది నేనే, ఇప్పుడు కావాలంటున్నదీ నేనే. చెయ్యి ఉండాలి, లావు ఉండకూడదు.

ఇంకొకటి, విదేశీ కొలతల్లో కనిపించనిది. మనవాళ్ళు సోఫా మీద కూడా కాసేపటికి కాళ్ళు పైకి తీసుకుని బాసింపట్టు వేసుకుంటారు. అప్పుడు రెండు మోకాళ్ళ మధ్య దూరం రెండడుగులు దాటుతుంది. 22 అంగుళాల సింగిల్ సీటులో మోకాళ్ళు చేతులకి కొట్టుకుంటాయి. అందుకే ఏ ఇంట్లో చూసినా సింగిల్ సీటర్లు ఖాళీగా ఉంటాయి, జనమంతా దివాన్ మీదో పొడుగు సోఫా మీదో ఉంటారు. ఇది మీ ఇంట్లో నిజమో కాదో ఒక ఆదివారం గమనించి చూడండి.

అరుగు, దివాణం, దివాన్

సోఫా అనే మాట అరబ్బీ 'సుఫ్ఫా' నుంచి వచ్చింది. దాని అర్థం నేల మీంచి కాస్త ఎత్తుగా కట్టిన తిన్నె. అంటే అచ్చంగా మన అరుగే. దివాన్ అనేది పారసీ మాట. మొదట రాతకోతల దస్త్రాలకీ, తర్వాత కొలువుకూటానికీ, ఆ తర్వాత అక్కడ గోడ వెంబడి పరుపులేసి ఉండే ఆసనానికీ పేరైంది. జమీందారుల కాలంలో మన భాషలో దివాణం అయిందీ అదే. ఏ దారిన వచ్చినా రెండు మాటలూ చేరింది గోడ పక్కన కూర్చునే తిన్నె దగ్గరికే. గోడకి ఆనుకుని, సన్నగా, పొడుగ్గా, చేతుల్లేకుండా ఉండే తిన్నె.

మన పాత ఇళ్ళలో కూర్చునే ఏర్పాటు ఇలాగే ఉండేది. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు. లోపల నులక మంచం పగలు గోడకి నిలబడి ఉండేది. పడక కుర్చీ మడతపడేది, చాప చుట్టుకునేది, పీట గోడకి ఆనేది. మండువా లోగిళ్ళని వదిలేస్తే మామూలు ఇళ్ళలో గదులేమీ పెద్దవి కావు. కానీ ఒకే గది పొద్దున వడ్డనకీ, మధ్యాహ్నం కబుర్లకీ, రాత్రి పడకకీ సరిపోయేది. సామాను కదిలేది కాబట్టి.

ఆ అవసరం మనకి ఇంకా పోలేదు. ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం పెట్టుకోండి, తెలుస్తుంది. తూర్పు ముఖంగా మండపం, దంపతులకి పీటలు, పంతులుగారికి చోటు, చుట్టూ చుట్టాలు. హాలు మధ్యలో కనీసం ఎనిమిదడుగుల చదరం ఖాళీగా కావాలి. శ్రావణ శుక్రవారం పేరంటానికీ, సంక్రాంతి బొమ్మల కొలువుకీ అంతే. మా ఎల్ సోఫా వచ్చిన ఏడాది వ్రతానికి దాన్ని జరపడానికి నలుగురు పట్టారు. జరిపాక అది బెడ్‌రూము గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల ఆదమరిచి పడుకున్న మా మేనత్త కథ అయ్యేదాకా బయటికి రాలేకపోయింది. ఆవిడ ఇప్పటికీ ప్రసాదం అందలేదని అంటుంది.

అందుకే నా ఓటు దివాన్‌కి. 15 చదరపు అడుగుల్లో పగలు ముగ్గురు కూర్చుంటారు, రాత్రి ఒకరు పడుకుంటారు, కింద అర ఉంటే పాత దుప్పట్లు దాచుకోవచ్చు. బాసింపట్టు కుదురుతుంది. లోతు 30 అంగుళాలు కూర్చోవడానికి ఎక్కువే కాబట్టి వెనకాల గుండ్రటి దిళ్ళు తప్పవు, పడుకునేటప్పుడు తీసేస్తాం. దానికి జతగా తేలికైన కర్ర కుర్చీలు రెండు, అందులో ఒకటి పెద్దవాళ్ళ కోసం ఎత్తుగా, గట్టి చేతులతో.

సొంత ఇల్లయితే ఇంకో మార్గం ఉంది. కిటికీ గోడ వెంబడి వడ్రంగితో పెట్టె లాంటి బల్ల కొట్టించుకోవడం. 18 అంగుళాల ఎత్తు, దిండుతో కలిపి 22 అంగుళాల లోతు. సోఫాతో పోలిస్తే అడుగు దాకా దారి మిగులుతుంది, పైన మూత తీస్తే లోపల బోలెడు చోటు. ఇంటి లోపలికి వచ్చిన అరుగు అనుకోండి. అద్దె ఇంట్లో మాత్రం ఇది కుదరదు, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళలేం.

మరి చుట్టాలు వస్తే? ఏడాదిలో పది మంది ఒకేసారి వచ్చే రోజులు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆ రోజుల కోసం మిగతా ఏడాదంతా సోఫా పక్కన ఒదిగి నడవడం దేనికి? ఒకదానిలో ఒకటి దూరే ప్లాస్టిక్ కుర్చీలు ఆరు కలిపినా బాల్కనీలో రెండడుగుల చదరంలో నిలబడతాయి. అంతకు మించిన జనానికి వీధి చివర టెంట్‌హౌస్ ఉండనే ఉంది. కొందరికి వచ్చినవాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీ వేయడం నామోషీగా ఉంటుంది, అది నాకూ తెలుసు. మడత పెట్టే కర్ర కుర్చీలు కొనుక్కుంటే ఆ బాధా తీరుతుంది.

రిక్లైనర్ వగైరా

వెనక్కి వాలే రిక్లైనర్ గురించి అందరూ అడుగుతారు. మూసి ఉన్నప్పుడు 36 నుంచి 40 అంగుళాలు ఉండేది, పూర్తిగా తెరిస్తే ఐదడుగులు దాటుతుంది. వీపు వాలడానికి గోడకీ దానికీ మధ్య కూడా జాగా వదలాలి. గోడకి దగ్గరగా వేసుకునే రకాలకి ఆ జాగా తక్కువ సరిపోతుంది. ముందు టీపాయ్ ఉండకూడదు. మోటారుదైతే పక్కనే ప్లగ్ పాయింట్ కావాలి, బ్యాటరీ లేని మోడల్‌లో కరెంటు పోతే కాళ్ళు చాపినవాళ్ళు అలాగే ఉండిపోతారు. నడుము నొప్పి ఉన్న ఒకరి కోసం ఒకటి కొనడం సబబే. మూడు సీట్లూ రిక్లైనర్లే అయిన సోఫా చిన్న హాల్లో శుద్ధ దండగ.

సోఫా కమ్ బెడ్‌ని లాగితే గోడ నుంచి ఆరడుగులు దాటి, 76 అంగుళాల దాకా వస్తుంది. మా 126 అంగుళాల హాల్లో టీవీ యూనిట్ పోగా 34 అంగుళాల దారి మిగులుతుంది, పర్వాలేదు. కానీ రోజూ రాత్రి టీపాయ్ జరిపి, లాగి, పరిచి, పొద్దున మళ్ళీ మడిచే ఓపిక ఎవరికుంది? వారం తిరక్కుండా అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది, లేదా ఎప్పుడూ మూసే ఉంటుంది. బీన్ బ్యాగ్ కుర్రాళ్ళకి బాగుంటుంది. పెద్దవాళ్ళు అందులో దిగితే లేపడానికి ఇద్దరు కావాలి, లోపలి గింజలు కూడా కొన్నాళ్ళకి నలిగి చప్పబడతాయి. ఉయ్యాల బల్ల మీద మనసుంటే ముందూ వెనకా ఊగే చోటు లెక్కేసుకోండి, కొక్కెం శ్లాబులో ఎక్కడ పడాలో తెలిసిన మేస్త్రీని అడగండి. నేల మీద పరుపులేసి గుండ్రటి దిళ్ళు పెట్టుకోవడం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ మంది పడతారు, మోకాళ్ళు సహకరించినంత కాలం.

గుడ్డ కింద ఏముంది

కొలత కుదిరాక సరుకు చూడాలి. సేల్స్‌మాన్ నోట మొదట వచ్చే మాట '40 డెన్సిటీ'. అంటే ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోల బరువుందని అర్థం. మెత్తదనానికీ దీనికీ సంబంధం లేదు. ఎక్కువ డెన్సిటీ ఫోమ్ మెత్తగానూ ఉండొచ్చు, గట్టిగానూ ఉండొచ్చు. డెన్సిటీ వల్ల తేలేది అది ఎన్నాళ్ళు గుంట పడకుండా ఉంటుందనేది. దీన్ని తూచి చూసుకోవచ్చు. 22 అంగుళాల చదరం, 5 అంగుళాల మందం ఉన్న ఫోమ్ 40 డెన్సిటీ అయితే దాదాపు కిలో 600 గ్రాములు తూగాలి, 32 అయితే కిలో 270 గ్రాములు. జిప్పు తీసి ఫోమ్ బయటికి తీయనిచ్చే షాపులో వంటింటి కాటా పట్టుకెళ్ళి తూచొచ్చు, నేను తూచాను కూడా. బరువు కోసం సున్నపు పొడి లాంటివి కలిపే బాపతు కూడా ఉంది కాబట్టి, తూకం ఒక్కటే చూసి మురిసిపోకూడదు. చేత్తో నొక్కి వదిలితే వెంటనే లేవాలి, నలిపితే పొడి రాలకూడదు.

ఫ్రేము సంగతి తెలుసుకోవడానికి ముందు కాలొకటి పట్టుకుని అర అడుగు ఎత్తండి. రెండో ముందు కాలు కూడా వెంటనే లేస్తే ఫ్రేము గట్టిది. అది నేల మీదే ఉండి, సోఫా ఒళ్ళు విరుచుకున్నట్టు వంగిందంటే లోపల చెక్క బలహీనం. అడుగున గుడ్డ కాస్త తీసి చూపించమంటే చెక్కపొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు ఉందా, అసలు చెక్క ఉందా తెలుస్తుంది. చూపించను అన్నా అదీ ఒక జవాబే.

పైగుడ్డ విషయంలో ఒక్క మాట. తోలులా కనిపించే లెదరెట్‌లో కొన్ని రకాల మీద ఉండేది పాలియురితేన్ అనే ప్లాస్టిక్ పూత. వేడీ తేమా కలిస్తే అది కొన్నేళ్ళకి పగిలి పొరలుగా ఊడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది మరీ ఇబ్బంది. విప్పి ఉతుక్కోగలిగే జిప్పు కవర్లున్న గుడ్డ సోఫా మేలు. చిన్నపిల్లలున్న ఇంట్లో లేత రంగు కొనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

లిఫ్ట్ తలుపు

చివరగా, డబ్బు కట్టే ముందు లిఫ్ట్ కొలవండి. చాలా అపార్ట్‌మెంట్ లిఫ్టుల తలుపు వెడల్పు రెండున్నర అడుగులకి అటూ ఇటూ, ఎత్తు 2 మీటర్లు. 84 అంగుళాల సోఫాని నిలబెడితే 79 అంగుళాల ఆ తలుపులో పట్టదు. అప్పుడు మెట్ల మీంచే రావాలి, మలుపు దగ్గర రెయిలింగుకి కొట్టుకుంటుంది. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపులో సోఫా ఇరుక్కుని, కింది ఫ్లాట్ వాళ్ళు గంటన్నర బయటికి రాలేదు. కాళ్ళు ఊడదీసే మోడలా, భాగాలుగా విడిపోతుందా అని ముందే అడగాలి.

ఎల్ సోఫా కొంటే ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'లెఫ్ట్', 'రైట్' అంటారు. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమా, కూర్చున్నవాళ్ళకి ఎడమా? ఒక్కో షాపులో ఒక్కో లెక్క. మా చెల్లెలి ఇంటికి వచ్చిన సోఫా పొడుగు భాగం సరిగ్గా బాల్కనీ తలుపుకి అడ్డంగా వచ్చింది. షాపువాళ్ళు ఆర్డర్ కాగితం చూపించి మీరు చెప్పిందే పంపామన్నారు, వాళ్ళ లెక్కలో అది నిజమే. హాలు బొమ్మ గీసి, తలుపులు చూపించి, ఆ కాగితం మీదే సంతకం పెట్టించుకుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

మా ఎల్ సోఫా కింద కొక్కేలు తీసి రెండు ముక్కలు చేశాం. పొడుగు ముక్క బెడ్‌రూములో బట్టలు మోస్తోంది. మిగతాది మార్చేసి దివాన్ వేద్దామని మొన్న హాల్లో సుద్దతో గీశాను. 72 బై 30, దక్షిణం గోడకి. రెండు రోజులు అందరం ఆ గీత చుట్టూ తిరిగాం, ఎవరికీ ఏమీ తగల్లేదు. మూడో రోజు నాన్న ఆ గీతలో కుర్చీ వేసుకుని పేపర్ పట్టుకుని కూర్చున్నారు. పది నిమిషాలయ్యాక తల పైకెత్తి, "ఒరేయ్, ఇక్కడికి ఫ్యాన్ గాలి రావట్లేదురా" అన్నారు. తడిగుడ్డతో గీత తుడిచి, అడుగున్నర ఇవతలికి మళ్ళీ గీశాను.